తల్లి మానిన చక్కెర, బిడ్డ నోటి తెల్లపూత

హైదరాబాదు నగరమున జూబిలీ హిల్స్, ఫిల్మ్ నగర్, వాటిని ఆనుకొనియున్న కృష్ణానగర్ తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నెలవులు. మద్రాసునుండి పరిశ్రమ మెల్లమెల్లగా తరలివచ్చుచున్న దినములలో, 1976లో అన్నపూర్ణ స్టూడియో ఇక్కడి రాళ్లగుట్టల నడుమ ప్రారంభమైనది. నేడు కొండమీది మేడలలో నటీనటులు, నిర్మాతలు కాపురముండగా, దిగువనున్న ఇరుకు సందులలో లైట్‌మెన్, దుస్తులు కుట్టువారు, మేకప్ సహాయకులు, జూనియర్ ఆర్టిస్టులు, బృందనర్తకులు అద్దె గదులలో నివసించుచున్నారు. ఒడలు సన్నగా ఉండవలెనన్న పట్టుదల ఈ వృత్తికి సహజము. కనుక చక్కెర మానుటను గూర్చిన ముచ్చట ఇక్కడ మేడలోను వినబడును, టీ బండి వద్దను వినబడును. చంటిబిడ్డ తల్లి చెవిన పడినపుడు మాత్రము ఆ ముచ్చటకు వేరొక అర్థము వచ్చును.

కృష్ణానగర్‌లో ఒక గదిలో కాపురముండు బృందనర్తకిని ఊహింపుడు. బిడ్డకు మూడవ నెల. నాలుకమీదను, బుగ్గల లోపలను తెల్లని పూత వచ్చినది. వైద్యుడు చుక్కల మందు ఇచ్చెను. పూత తగ్గినది, పది దినములలో మరల వచ్చినది. ఇంతలో తల్లికి చనుమొనలలో మంట, పాలిచ్చిన పిదపకూడ సూదులతో పొడిచినట్లు నొప్పి. తోడి నర్తకి చూడవచ్చి, "చక్కెర మానెయ్యి అక్కా, ఆ పూతకి తిండి అదే" అన్నది. అత్తగారు అందుకొని, "నేను చెప్తూనే ఉన్నా కదమ్మా, తీపి ముట్టద్దని" అన్నది. ఆ తల్లి మొదట టీలో చక్కెర మానినది. తరువాత బెల్లము మానినది. తరువాత అరటిపండు, మామిడిపండు. ఆ తరువాత రాత్రిపూట అన్నము. మూడు వారములకు పూత పోయినది. ఆమె బరువు మూడు కిలోలు తగ్గినది. కన్నులు లోతుకు పోయినవి. చక్కెర మానుటవలననే పూత పోయినదా? కాక, ఆమె ఊరకనే ఆకలిబాధ పడినదా?

పూత ఎట్టిది?

పాలు త్రాగిన బిడ్డ నాలుకపై తెల్లని మీగడవంటి పొర ఉండుట సహజమే. తడిగుడ్డతో మెల్లగా తుడిచిన అది పోవును. తెల్లపూత అట్లు పోదు. విరిగిన పాల తునకలవలె బుగ్గల లోపల, చిగుళ్ళమీద, అంగిలిపై అంటుకొని ఉండును. గట్టిగా తుడిచినచో క్రింద ఎర్రని పచ్చిచర్మము కనబడును; ఒక్కొక్కప్పుడు నెత్తురు చెమ్మ కూడ వచ్చును. వైద్యులు దీనిని థ్రష్ అందురు.

ఇది ఒక శిలీంధ్రము పని. 1839లో జర్మను వైద్యుడు లాంగెన్‌బెక్ టైఫాయిడ్ రోగి నోటిపూతలో ఈ శిలీంధ్రమును చూచెను. 1923లో క్రిస్టీన్ బెర్‌ఖౌట్ అను డచ్చి శాస్త్రజ్ఞురాలు దాని జాతికి కాండిడా అను పేరు పెట్టెను. పూర్తి పేరు కాండిడా ఆల్బికాన్స్. లాటిను భాషలో రెండు మాటలకును తెలుపు అనియే భావము. తెల్లదనమునకు తెల్లదనము జోడించిన ఈ పేరును చూచి భాషావేత్తలు నవ్వుకొనవచ్చును గాని, పూతను ఒకమారు చూచినవారు నవ్వరు.

రొట్టెల పిండిని పొంగించు ఈస్టుకు ఇది దూరపు బంధువు. సూక్ష్మదర్శినిలో చూచినపుడు గ్రుడ్డువంటి చిన్న కణములు కనబడును. కణము ప్రక్కన మొగ్గవలె మరియొక కణము పుట్టుచుండును. ఈ రూపములో అది చాలమంది నోటిలోను, ప్రేగులలోను హాని చేయక ఊరకనే కాపురముండును. పరిస్థితి అనుకూలించినపుడు కణమునుండి పొడవైన తంతువు బయలుదేరును. మనుష్య రక్తద్రవములో 37 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో ఉంచిన, రెండు మూడు గంటలలోనే ఈ తంతువు మొలచును. ఇవి పైపొర కణముల సందులలోనికి చొచ్చుకొనిపోవును. అవి వదలు ఒక విషపదార్థము కణముల పొరకు రంధ్రములు చేయునని 2016లో తెలిసినది. ఊరకుండు అతిథి ఇల్లాక్రమించు దొంగగా మారుటలో చక్కెర పాత్ర ఎంత, ఇతర కారణముల పాత్ర ఎంత అన్నదే ఇక్కడి చిక్కు.

బిడ్డకు ఈ శిలీంధ్రము తరచుగా ప్రసవ సమయముననే తల్లి జననమార్గము నుండి అంటును. మొదటి వారములలో బిడ్డకు లాలాజలము తక్కువ; రోగనిరోధక శక్తి ఇంకను పక్వము కాలేదు. పాలు త్రాగునపుడు బిడ్డ నోటినుండి తల్లి చనుమొనకు, అక్కడినుండి మరల నోటికి శిలీంధ్రము ప్రయాణించును. ఒకరికి మందు వేసి రెండవవారిని విడిచినచో పూత తిరిగి వచ్చుటలో ఆశ్చర్యమేమి? కృష్ణానగర్ తల్లి కథలో మొదటి చుక్కల మందు బిడ్డకు మాత్రమే ఇయ్యబడినదని గమనింపవలెను.

యాంటిబయాటిక్ మందులు మరియొక కారణము. నోటిలోను, ప్రేగులలోను నివసించు బాక్టీరియములు కాండిడాను అదుపులో ఉంచును. యాంటిబయాటిక్ ఆ బాక్టీరియములను చంపును గాని శిలీంధ్రమును చంపలేదు. పొలములో ఉన్న మొక్కలన్నియు పోయిన పిదప తుంగకు ఎదురేమున్నది? సిజేరియన్ శస్త్రచికిత్స జరిగిన తల్లికి ఈ మందులు ఇచ్చుట పరిపాటి కనుక, ఈ కారణమును మరువరాదు.

ఇక్కడ తెలుగువారికి ఆసక్తి కలిగించు విషయము ఒకటి కలదు. 1895 జనవరి 12న భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు డైరెక్టరుగా ఉన్న కాలముననే, అక్కడ బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొనెను. అనేక విధములైన బాక్టీరియములపై పనిచేయు ఆ మందు 1948లో ప్రకటింపబడినది. ఆ సంవత్సరమే ఆగస్టు 8న సుబ్బారావు మరణించెను. ఆ జాతి మందులు విరివిగా వాడుకలోనికి వచ్చిన 1950 దశకపు ఆరంభమున, వాటిని తీసుకొన్న రోగులలో కాండిడా పూతలు పెరుగుటను వైద్యులు గమనించిరి. సుబ్బారావు సోదరులిద్దరిని బలిగొన్న ప్రేగు వ్యాధికి స్ప్రూ అని పేరు. ఆ మాట డచ్చి భాషనుండి వచ్చినది. అక్కడ దాని అర్థము నోటిపూతయే. 1953లో హెసెల్టైన్ అను శాస్త్రజ్ఞుడు ఒక క్రొత్త శిలీంధ్రమునకు సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టి ఆయనను స్మరించెను. ఒక తెలుగువాని పేరు శిలీంధ్రముల పట్టికలో శాశ్వతముగా నిలిచినది.

సీసాలోని చక్కెర, రక్తములోని చక్కెర

చక్కెర ఈస్టుకు ఆహారమన్నమాట నిజము. దీనిని పాఠశాలలోనే చూపవచ్చును. రెండు సీసాలు తీసికొనవలెను. ఒకదానిలో గోరువెచ్చని నీరు, రెండు చెంచాల చక్కెర. రెండవదానిలో కాచి చల్లార్చిన గోరువెచ్చని పాలు, చక్కెర లేకుండ. రెంటిలోను రొట్టెల ఈస్టును సమానముగా వేసి, మూతులకు బెలూనులు కట్టవలెను. కొంతసేపటికి మొదటి సీసాపై బెలూను లేచి నిలుచును. పాల సీసాపై బెలూను వ్రేలాడుచునే ఉండును. పాలు తియ్యగనే ఉన్నవి, అయినను ఈస్టుకు పనికిరాలేదు. కారణము, పాలలోని చక్కెర లాక్టోజు. దానిని విడగొట్టు ఎంజైము ఆ ఈస్టునకు లేదు. ఇప్పుడు పాలలో ఒక చెంచా చక్కెర కలిపిన నురుగు లేచును. కాండిడా ఆల్బికాన్స్‌కుకూడ లాక్టోజు పనికిరాదు. (ఈ ప్రయోగమును రొట్టెల ఈస్టుతోనే చేయవలెను, రోగకారకమైన కాండిడాను పాఠశాలలో పెంచుట తగదు.)

కనుక తల్లిపాలు తియ్యగా ఉండుటచేతనే పూత పెరుగుచున్నదను మాటకు ఆధారము చాలదు. ఇక తల్లి తినిన చక్కెర సంగతి. టీలో వేసిన రెండు చెంచాల చక్కెర చిన్నప్రేగులో గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా విడిపోయి రక్తములో చేరును. కాలేయము, ఇన్సులిను వెంటనే పనికి పూనుకొనును. మధుమేహము లేని స్త్రీ శరీరమునందలి రక్తమంతటిలోను ఉండు గ్లూకోజు సుమారు 4 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు మాత్రమే. భోజనము చేసిన పిదప అది కొంత పెరిగి, రెండు గంటలలో యథాస్థితికి వచ్చును. ఆమె చక్కెర మానినను, ఆ చెంచాడు అట్లే ఉండును; అన్నమునుండి గాని, అన్నముకూడ మానినచో కాలేయము స్వయముగా తయారుచేసి గాని దానిని నిలుపును. లేనియెడల మెదడు పనిచేయదు. ఈ కొద్దిపాటి గ్లూకోజే కాండిడాకు చాలును. అది లేకున్నను మాంసకృత్తుల విభాగములు, లాక్టిక్ ఆమ్లము వంటివి తిని బ్రతుకగలదు. శిలీంధ్రమును ఆకలితో చంపదలచిన తల్లి, దానికంటె చాల ముందుగా తానే ఆకలితో నీరసించును.

పాలలోని లాక్టోజు లెక్క మరింత ఆశ్చర్యకరము. తల్లిపాలలో 100 మిల్లీలీటరులకు సుమారు 7 గ్రాముల లాక్టోజు ఉండును. దినమునకు 750 మిల్లీలీటరుల పాలు వచ్చు తల్లి, తన రక్తములోని గ్లూకోజునుండి 50 గ్రాములకు పైగా చక్కెరను ప్రతిదినము బిడ్డకొరకు తయారుచేయుచున్నది. ఆమె తీపి తినినను, తినకున్నను ఈ పాలు దాదాపుగా మారదు. పాల గ్రంథులలోనికి నీటిని లాగుకొనునది లాక్టోజే కనుక, లాక్టోజు తగ్గినచో పాలు పలుచబడవు, పాల పరిమాణమే తగ్గును. సి. గోపాలన్ 1958లో ప్రకటించిన పరిశీలనలలో ఈ సంగతి మరియొక విధముగా కనబడినది. చాలినంత తిండి లేని పేద తల్లుల పాలలో కొన్ని విటమినులు తక్కువైనను, లాక్టోజు, మాంసకృత్తులు పెద్దగా తగ్గలేదు. లోటును భరించినది తల్లి శరీరము. ఆయన పనిచేసిన పోషకాహార పరిశోధనశాల కూనూరునుండి హైదరాబాదుకు తరలివచ్చినది ఆ సంవత్సరమే. 1969 నుండి అది జాతీయ పోషకాహార సంస్థ అను పేరుతో తార్నాక వద్ద పనిచేయుచున్నది. ఫిల్మ్ నగర్ నుండి అది నగరమునకు ఆవలి కొసన ఉన్నది.

నమ్మకము ఎచ్చటినుండి వచ్చినది?

1983లో విలియం క్రూక్ అను అమెరికా వైద్యుడు ఒక పుస్తకము వ్రాసి, అలసట మొదలుకొని అనేక బాధలకు శరీరములోని ఈస్టే కారణమనియు, చక్కెర మానినచో అవి తగ్గుననియు ప్రచారము చేసెను. పుస్తకము విరివిగా అమ్ముడైనది. 1986లో అమెరికాలోని ఎలర్జీ వైద్యుల అకాడమీ ఈ వాదమును పరిశీలించి, ఇది ఊహయే గాని నిరూపితము కాదని ప్రకటించినది. అయినను చక్కెర మానుమన్న సలహా వైద్యుల గదిని దాటి ఇండ్లలోనికి వచ్చినది. తెలుగు ఇండ్లలో బాలింత పథ్యము అనాదిగా ఉన్నదే కదా. క్రొత్త నిషేధము పాత నిషేధములలో కలిసిపోయినది. విచిత్రమేమనగా, ఆ పాత పథ్యములో బాలింతకు పెట్టు కాయపు ముద్దలో శొంఠి, మిరియాలు, పిప్పళ్ళతోపాటు బెల్లము ఉండనే ఉన్నది.

1999లో జర్మనీలో ప్రకటింపబడిన ఒక పరీక్షను ఇక్కడ చెప్పవలెను. 28 మంది ఆరోగ్యవంతులకు కొంతకాలము చక్కెర అధికముగా ఉన్న ఆహారము పెట్టి, నోటిలోను మలములోను కాండిడాను లెక్కించిరి. మొత్తముమీద పెద్ద మార్పు కనబడలేదు. మొదటినుండి నోటిలో కాండిడా హెచ్చుగా ఉన్న కొందరిలో మాత్రము మలములో దాని సంఖ్య కొంత పెరిగినది. వారు పాలిచ్చు తల్లులు కారు, కనుక ఈ పరీక్షతో వివాదము ముగిసినదనుట తొందరపాటు. అయినను, పాలిచ్చు తల్లి చక్కెర మానుటచే బిడ్డ పూత తగ్గునని స్థిరపరచిన పరీక్ష లేదు.

మరి కృష్ణానగర్ తల్లికి తగ్గినదే? విద్యార్థులు ఆలోచింపదగిన భాగము ఇదియే. బాధ మిక్కిలి హెచ్చిన దినముననే ఎవరైనను క్రొత్త ఉపాయము మొదలుపెట్టుదురు. హెచ్చినది ఎట్లును కొంత తగ్గును. ఆమె చక్కెర మానిన వారములోనే రెండవమారు వైద్యుని వద్దకు వెళ్లినది, ఈసారి తనకుకూడ లేపనము తెచ్చుకొన్నది. బిడ్డకు మరియొక మాసము వయస్సు వచ్చి లాలాజలము పెరిగినది. మూడు కారణములు ఒక్కసారి పనిచేయగా, కష్టపడి చేసినదానికే కీర్తి దక్కినది. లేపనము రాయుట కష్టము కాదు. రాత్రి అన్నము మానుట కష్టము.

చక్కెర నిజముగా లెక్కకు వచ్చు చోట్లు

చక్కెర పూర్తిగా నిర్దోషి కాదు. బిడ్డ నోటిలో నేరుగా పెట్టిన తీపి వేరు సంగతి. పాలపీకను చక్కెరలోనో తేనెలోనో ముంచి నోట పెట్టుట, ఏడ్చినపుడల్లా పంచదార నీళ్లు పట్టుట కొన్ని ఇండ్లలో ఇంకను ఉన్నది. లాక్టోజువలె కాక, ఈ చక్కెర కాండిడాకు సిద్ధాన్నము. శిలీంధ్రము నోటి పొరకు అంటుకొనుటకును అది తోడ్పడును. తేనె మరింత ప్రమాదము. దానిలో ఉండగల బొటులిజం బీజములు శిశువు ప్రేగులలో మొలచి ప్రాణాపాయము కలిగింపగలవు. ఏడాది నిండువరకు తేనె నాకించరాదు. తల్లి టీ కప్పును గూర్చి వాదించు ఇంటిలోనే బిడ్డ నాలుకపై తేనె రాయుట చూచినపుడు, ఎక్కడి చక్కెరను భయపడవలెనో ఎవరికిని చెప్పబడలేదని తోచును.

రెండవది మధుమేహము. రక్తములో గ్లూకోజు మిక్కుటమైనపుడు లాలాజలములోను చెమ్మగానుండు చర్మములోను అది పెరుగును. తెల్లకణముల పోరాటశక్తి తగ్గును. కాండిడా పండుగ చేసికొనును. గర్భము దాల్చినపుడు మధుమేహము వచ్చిన స్త్రీలు మన దేశములో తక్కువ కారు. ప్రసవానంతరము అది పోయినదో లేదో 6 మొదలు 12 వారములలోగా 75 గ్రాముల గ్లూకోజు త్రాగించి పరీక్షించు పద్ధతి కలదు. పూత మాటిమాటికి వచ్చు తల్లి చక్కెర డబ్బాకు మూత వేయుటకంటె రక్తపరీక్ష చేయించుకొనుట ఉపయోగము. ఇనుము లోపించి రక్తహీనత కలిగినను పూత మొండిగా నిలుచును. తిండి తగ్గించుకొన్న బాలింతలో ఆ లోపము మరింత పెరుగును.

టీలోని చక్కెరను, మిఠాయిలను, సీసా పానీయములను తగ్గించుటవలన నష్టము లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో అందరికిని చేసిన సలహా అదియే: దినపు శక్తిలో పదవవంతుకు మించరాదు, అనగా 2000 కేలరీలు తిను మనిషికి 50 గ్రాములు. ఆ సలహా దంతములకొరకు, స్థూలకాయమును నివారించుటకొరకు; పూతకొరకు కాదు. నష్టము ఎక్కడనగా, నిషేధము చక్కెరతో ఆగక పండ్లకు, పాలకు, అన్నమునకు ప్రాకుటలో. మొదటి ఆరు నెలలు పాలిచ్చు తల్లికి మామూలుకంటె దినమునకు 600 కేలరీలు అదనముగా కావలెనని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. దీపముల వేడిలో గంటల తరబడి నృత్యము చేయు స్త్రీ సంగతి చెప్పనే అక్కరలేదు. చక్కెర మాని దానికి బదులు బెల్లము, తాటిబెల్లము వాడుటలో రసాయనికముగా తేడా స్వల్పము. రెంటిలోను అధికభాగము సుక్రోజే. పులిసిన పిండిలో ఈస్టు ఉండునని ఇడ్లీ, దోసె మానుటయు అర్థము లేనిది. మినపపిండిని పులియబెట్టునవి ముఖ్యముగా ల్యూకోనాస్టాక్ వంటి బాక్టీరియములు. కాండిడాతో వాటికి చుట్టరికము లేదు.

మొండి పూతకు చేయదగినది

పూత తిరిగి వచ్చినపుడు వైద్యుడు మొట్టమొదట వేసికొనవలసిన ప్రశ్న, ఇది పూతయేనా అని. చనుమొన నొప్పులన్నియు కాండిడావి కావు. బిడ్డ నోరు చనుమొనను సరిగా పట్టకపోవుట, తామర, బాక్టీరియముల దాడి, చలికి రక్తనాళములు ముడుచుకొని మొన తెల్లబడుట, ఇవన్నియు మంటయు పోటుయు కలిగించును. మెల్బోర్న్‌లో తల్లులపై జరిపి 2013లో ప్రకటించిన పరిశోధన ఈ నొప్పికి కాండిడాతో సంబంధము కలదని చూపినది. అటుపిమ్మట కొందరు నిపుణులు ఆ నొప్పిలో అధికభాగము ఇతర కారణములవలననే అని వాదించుచున్నారు. వాదము తేలువరకు, పాలిచ్చుచుండగా ఒక అనుభవజ్ఞురాలైన నర్సు ప్రక్కన కూర్చుండి బిడ్డ పట్టును చూచుటకు మించిన పరీక్ష లేదు.

పూతయే అని తేలినచో తల్లికి, బిడ్డకు ఒకేసారి చికిత్స జరుగవలెను. పాలు మాన్పవలసిన పని లేదు. పూత కనబడకుండ పోయిన పిదపకూడ మందు మరి రెండు దినములు సాగించుట మంచిది. పాలపీకలు, నోటిలో పెట్టు ఆటవస్తువులు ప్రతిదినము మరిగించవలెను. పాలతో తడిసిన గుడ్డను మార్చక దానిపై నైలాను రవిక బిగించి వానకాలమున దినమంతయు పనిచేయుట శిలీంధ్రమునకు పందిరి వేయుటయే. నూలుగుడ్డలు వేడినీట ఉతికి ఎండలో ఆరవేసినచో చాలును. ఒకప్పుడు ప్రతి ఆసుపత్రిలోను బిడ్డల నోళ్ళను ఊదారంగు చేసిన జెన్షన్ వయొలెట్ మందును ఇప్పుడు తల్లులు తమంతట తాము వాడరాదు. దానివలన పుండ్లు పడవచ్చును, కేన్సరు శంకయు కలదని కెనడా ఆరోగ్యశాఖ 2019లో హెచ్చరించినది. మైకొనజోలు జిగురు మందు చిన్న శిశువు గొంతుకు అడ్డుపడిన సందర్భములున్నవి. నాలుగు నెలలలోపు వారికి అది తగదు.

ఎక్కువగా వాడు చుక్కల మందు నిస్టాటిన్. న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్యశాఖలో పనిచేయుచుండిన ఎలిజబెత్ హేజన్, రేచల్ బ్రౌన్ అను ఇరువురు స్త్రీలు వర్జీనియాలోని ఒక పాడిక్షేత్రపు మట్టినుండి దీనిని సాధించి 1950లో ప్రకటించిరి. రాష్ట్రము పేరే మందు పేరుగా మారినది. శిలీంధ్రపు కణపు పొరలోని ఎర్గోస్టెరాలును పట్టుకొని ఆ పొరను చిల్లులు పొడుచుట దీని పద్ధతి. ప్రేగులనుండి రక్తములోనికి ఇది దాదాపుగా ఎక్కదు, కనుకనే పసిబిడ్డలకు నిర్భయముగా ఇచ్చుచున్నారు. మందు చేదుగా ఉండును. బిడ్డ ఉమ్మివేయకుండుటకై దానిని తయారుచేయు కంపెనీలలో పెక్కు సీసాలో చక్కెర కలుపుచున్నవి.